టీచరమ్మ దిద్దమన్న సాక్ష్యం

మా అమ్మాయి స్కాను ఈసారి కూడా బాగుందని డాక్టరుగారు చెప్పగానే ఆస్పత్రి మెట్ల మీదే నిలబడి పాస్టరుగారికి ఫోను చేశాను. “అయ్యగారూ, క్లీనంట! స్తోత్రం!” అని అరిచాను. “చాలా సంతోషం. టీచరమ్మ పొద్దున పోయింది,” అన్నారాయన. నా ముఖం మీది నవ్వు పోలేదు. పోగొట్టుకోవాలని చూశాను, పోలేదు. ఎదురొచ్చిన నర్సమ్మ నన్ను చూసి తనూ నవ్వింది. ఈ సంగతి దాచిపెట్టి ఆమె గురించి ఎన్ని మంచి మాటలు రాసినా అబద్ధమే.

చదివేవారికి నా సంగతి కొంచెం చెప్పాలి. ఇందుకూరుపేట చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద, నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లు బాగుచేయడం నా పని. ఏడో తరగతితో చదువు ఆపేశాను. టీచరమ్మ మా ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేది, మా అమ్మాయికీ ఆమే చెప్పింది. చర్చిలో రెండో వరసలో, ఎప్పుడూ తిరగని ఫ్యాను కింద కూర్చునేది. పాటల పుస్తకంలో అచ్చుతప్పు కనబడితే పాట ఆపకుండానే పెన్నుతో దిద్దేది. పిల్లలెవరైనా తప్పు చెబితే “మళ్లీ చూడు” అనేదే గానీ “తప్పు” అనేది కాదు.

నెల తేడాలో మా అమ్మాయికీ ఆమెకూ తలలో ఒకే రకం క్యాన్సరు గడ్డ బయటపడింది. ఇద్దరికీ నెల్లూరులోనే ఆపరేషన్ చేశారు. కోసిన ముక్కలు పరీక్షకు పంపారు. రిపోర్టులు ఒకే వారంలో వచ్చాయి. ఇంగ్లీషు నాకు రాదు. మా అమ్మాయి రిపోర్టు పట్టుకుని టీచరమ్మ ఇంటికి పరుగెత్తాను.

“ఏముండాది టీచరమ్మా ఇందులో? నా బిడ్డ బతుకుద్దా?”

ఆమె రెండుసార్లు చదివింది. “మిథైలేషన్ ఉందని రాసినారన్నా. మంచిదే.”

“ఉంటే మంచిదా?”

“మాకిచ్చే మాత్ర క్యాన్సరు కణంలోని డీఎన్ఏను పాడుచేస్తుంది. కణంలో నీలాంటి మెకానిక్కు ఒకడుంటాడు. పాడైందాన్ని మళ్లీ బాగుచేస్తా ఉంటాడు. మీ పిల్ల గడ్డలో ఆ మెకానిక్కును తయారుచేసే జీను మీద చిన్న చిన్న రసాయన ముద్రలు పడి అది మూతపడింది. షెడ్డుకు తాళం వేసినట్టనుకో. ఇంక మాత్ర పని మాత్ర చేసుకుంటుంది.”

నేను చేతులెత్తి స్తోత్రాలు మొదలుపెట్టాను.

“ఆగన్నా. ఇది గ్యారంటీ కార్డు కాదు. మొగ్గు పిల్ల వైపుందని చెప్తాది, అంతే.”

“మరి మీదో?”

“నాదాంట్లో ముద్రల్లేవు. షెడ్డు బార్లా తెరిచే ఉండాది. నా మెకానిక్కు నీకన్నా పనిమంతుడన్నా, పిలవంగానే వస్తాడు. నువ్వయితే రెండు రోజులు తిప్పుతావు.”

పగలబడి నవ్వాను. నవ్వు సగంలో ఉండగా అర్థమైంది.

అయినా ఆమె అదే మాత్ర మింగింది. వాంతి రాకుండా ముందు నిమ్మతొక్క వాసన చూసేది. రోజూ పొద్దున్నే మా అమ్మాయికి ఫోను చేసి, హాజరు పిలిచినట్టు “మింగినావా?” అని అడిగేది. నా బిడ్డ మాత్ర ఎగ్గొట్టకపోవడానికి ఆ గొంతే కారణం. ఆ తల్లికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలను!

మాత్రల కోర్సు అయిపోయింది. మా అమ్మాయి మొదటి స్కాను బాగా వచ్చింది. ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి సంఘం మొత్తానికీ బిర్యానీ వండించాను. మైకు పట్టుకుని దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పాను. “ఉపవాసముండి విశ్వాసంతో అడిగినాను. అట్లా అడిగినోళ్లను దేవుడు కాదనడు!” అన్నాను. హల్లెలూయా అంటూనే జనం టీచరమ్మ వైపు తిరిగారు. ఆమె స్కానులో గడ్డ మళ్లీ పెరిగిందని అప్పటికే అందరికీ తెలుసు. “సైన్సు చదివినోళ్లకి విశ్వాసం యాడుంటాది?” అని వెనకనుంచి ఒకావిడ అనడం నాకే వినబడింది.

టీచరమ్మ ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

“ఉపవాసం ఎప్పుడు మొదలుపెట్టినావన్నా?”

“ఆపరేషనైన వారానికి.”

“ముక్క కోసింది అంతకు ముందే గదా. ముద్ర అప్పటికే దాంట్లో ఉండింది. దేవుడు దయచేసినాడని చెప్పుకో, నాకూ సంతోషమే. నీ విశ్వాసం గెలిచిందని మాత్రం అనబాక. అట్లంటే నాది ఓడిందనే గదా.”

“మిమ్మల్ని అనలేదమ్మా!”

“అనలేదులే. చూపించినావు. వచ్చే ఆదివారం మైకులో దిద్దుతావా?”

దిద్దుతానన్నాను. ఆమె ఇంకో ముక్క వేయించుకుని, “బిర్యానీలో మాత్రం దిద్దేదేం లేదు,” అంది.

ఆ ఆదివారం దిద్దలేదు. ఆ తర్వాతా దిద్దలేదు. భయం. నా విశ్వాసం వల్ల కాదని నా నోటితో నేనే అంటే, ఇచ్చినదాన్ని దేవుడు వెనక్కి తీసుకుంటాడేమోనని భయం. ఇంకొక్క స్కాను కానీ అనుకుంటూ గడిపాను. ఆఖరి ప్రార్థనకు ముందు ఆమె ప్రతి ఆదివారం ఒక్కసారి నావైపు చూసేది. నేను చెప్పులు వెతుక్కునేవాణ్ణి. తర్వాత ఆమె చర్చికి రావడం మానేసింది. నడవలేక అన్నారు. నాకు తెలుసు, అప్పటికింకా నడుస్తూనే ఉంది.

ఆఖరుసారి చూడబోయినప్పుడు ఆమెకు కుడిచెయ్యి పడిపోయింది. మాట నెమ్మదించింది.

“చెప్పినావా?”

“వచ్చే వారం, టీచరమ్మా.”

“నాకు వారాలు కొలిచి ఇస్తా ఉండారన్నా. నువ్వు మాత్రం దండిగా ఖర్చు పెడతా ఉండావు.”

తిట్టినా బాగుండేది. ఎడమచేత్తో నా భుజం తట్టి, “పిల్ల అన్నం తింటా ఉందా?” అని అడిగింది.

మైపాడు వైపున్న ఇసుక దిబ్బల్లో ఆమెను సమాధి చేశాం. పాస్టరుగారిని అడిగి మైకు తీసుకున్నాను. నా బిడ్డ గడ్డలో ముద్ర ఉందనీ, ఆమె గడ్డలో లేదనీ, అది మా ఇద్దరి విశ్వాసాలనూ తూచి వేసింది కాదనీ, నా సాక్ష్యంలో గొప్పలు పోయాననీ, ఆమెను అవమానించానని చెప్పాను. “ఇప్పుడెందుకన్నా అవన్నీ?” అంది ఆనాడు గొణిగిన ఆవిడే. ఎవరికి చెప్పాలో ఆమె పెట్టెలో ఉంది. మూత అప్పటికే బిగించేశారు.

అందరూ ఒక్కొక్క పిడికెడు ఇసుక వేశారు. మా అమ్మాయి వంతు వచ్చింది. సముద్రం మీది గాలికి, మళ్లీ మొలిచి భుజాల దాకా పెరిగిన దాని జుట్టు ముఖం మీద పడుతుంటే, ఒక చేత్తో వెనక్కి తోసుకుంటూ రెండో చేత్తో ఇసుక వేసింది. ఆ జుట్టును చూస్తూ గోతి అంచున నిలబడ్డాను. సంతోషం పొంగుకొచ్చింది. పళ్లు బిగించి తల దించుకున్నాను. పక్కనున్నవాళ్లు నేను ఏడుస్తున్నాననుకుని నా చెయ్యి పట్టుకున్నారు.