కమిటీ చూసిన పుస్తకం

అనంతపురం పక్కనే మా యూనివర్సిటీ. పేరు చెప్పను, చెబితే నా గెస్టు లెక్చరర్ ఉద్యోగం ఊడుతుంది. అక్కడి లైబ్రరీలో పాఠ్యపుస్తకాల కౌంటరు దగ్గర సువార్తక్క కూర్చుంటుంది. ఏ సెమిస్టరు పిల్లలకు ఏ పుస్తకాలు అవసరమో అవి ఆ కౌంటర్లో ఉంచాలి. ఉంచాలి అని రూల్సులో ఉంది, అంతే.

సువార్తక్కది పామిడి దగ్గర ఒక పల్లె. నాయన తిప్పయ్య కూలి పని చేసేవాడు. డిగ్రీలో చేరి, చదవడానికి పుస్తకాలు లేక రెండో ఏడు మానేసింది. ఈ సంగతి ఆమె ఏడుస్తూ చెప్పదు, తిడుతూ చెబుతుంది. లైబ్రరీ ఊడ్చే కాంట్రాక్టు పనికి వచ్చింది. కౌంటర్లో ఉండే ఆయన రిటైరైతే ఆ కుర్చీలోకి కొత్తవాళ్ళను ఎవరినీ తీసుకోలేదు, ఈమెను కూర్చోమన్నారు. జీతం మాత్రం చీపురుదే.

కౌంటరు పుస్తకాలు బయటికి పోకూడదు, అక్కడే చదువుకోవాలి. సువార్తక్క ఆ రూలును సాయంత్రం తాళం వేసేదాకే పాటిస్తుంది. బస్సులకు పరిగెత్తే పల్లె పిల్లలకు పుస్తకం చేతిలో పెట్టి, "రేప్పొద్దున తలుపు తీసేటప్పటికి నా బల్ల మీదుండాల. చిరిగిందంటే నా నౌకరీ చిరుగుతాది" అని కసురుతుంది. పాత క్యాలెండర్లు తెచ్చి ప్రతి పుస్తకానికీ తనే అట్ట వేస్తుంది. కొత్త పుస్తకం కనిపిస్తే ముందు లైబ్రరీ ముద్ర కొడుతుంది. ముద్ర పడితే ఇంక ఎవరూ ఎత్తుకుపోలేరని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో ప్రొఫెసర్లను కలుపుకోలేదు, పాపం.

జియాలజీ పిల్లలకు భూగర్భ జలాల మీద ఒక లావుపాటి పుస్తకం ఉంది. అది లేకుండా ఆ పేపరు గట్టెక్కడం కష్టం. లైబ్రరీలో ఒకే ఒక్క కాపీ ఉండేది, దాన్ని ఒక ప్రొఫెసరు తన గదికి తెప్పించుకున్నాడు. ఆయన రిటైరై బెంగళూరు పోతే పుస్తకం కూడా ఆయనతో పాటు రిటైరైంది. నేలలో నీళ్ళెక్కడున్నాయో చెప్పే పుస్తకం ఈ జిల్లాలో లేకుండా పోయినా ఎవరికీ దిగులు లేదు.

జ్యోతికి ఉంది. శింగనమల చెరువు కింద పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే ఎమ్మెస్సీ పిల్ల. పొద్దున రాగానే "అక్కా, ఆ పుస్తకం వచ్చిందా?" అని అడిగి గానీ క్లాసుకు పోయేది కాదు. ఫోన్లో దొరకదా అంటారేమో, వెతికింది. నాలుగు పేజీలు చూపించి మిగతాదానికి డాలర్లు అడిగారట. సువార్తక్క లైబ్రరీ ఇన్‌చార్జి గోవిందప్ప సారు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి జ్యోతికి మాట ఇచ్చేసింది. "పరీక్షల లోపల తెప్పిస్తా పాపా. నేను చెప్తాండా కదా."

అప్పుడే కమిటీ వస్తోందన్నారు. యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే పెద్దమనుషులు. గోడలకు సున్నం పడింది, ఎండిన గడ్డికి ట్యాంకరు నీళ్ళు పడ్డాయి. కమిటీ రావడానికి ముందురోజు ఒక వ్యాను నిండా కొత్త పుస్తకాలు దిగాయి. "మనకు పుస్తకాలొచ్చినాయి, సర్దండి" అన్నాడు గోవిందప్ప. ఒక పెట్టెలో ఆ లావుపాటి పుస్తకం! సువార్తక్క దాన్ని గుండెకు హత్తుకుని అక్కడే నిలబడిపోయింది. వెంటనే ముద్ర కొట్టింది. సాయంత్రం జ్యోతిని పిలిచి ఇచ్చింది. ఆ రోజు సువార్తక్క ముఖంలో ఉన్న సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

మరునాడు కమిటీ లైబ్రరీకి వచ్చింది. కుర్చీలు నిండుగా కనిపించాలని మా గెస్టు లెక్చరర్లను కూడా పిల్లల మధ్య కూర్చోబెట్టారు. కమిటీలో ఒకావిడ ఆగి, "కోర్సు పుస్తకాలు దొరుకుతున్నాయా?" అని జ్యోతినే అడిగింది. జ్యోతి లేచి, పుస్తకాన్ని రెండు చేతులతో పైకెత్తింది. "దొరుకుతాయి మేడమ్. కొత్తది తెప్పించి ఇచ్చినారు. ఇంటికి కూడా ఇస్తారు." ఆవిడ మురిసిపోయి ఏదో రాసుకుంది. ఫొటోలు తీశారు. గోవిందప్ప నవ్వు చెవుల దాకా పోయింది. సువార్తక్క కౌంటరు వెనక కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

కమిటీ పోయిన మరునాడు అదే వ్యాను మళ్ళీ వచ్చింది, ఖాళీగా. పుస్తకాల వ్యాపారి మార్కండేయ దిగి, పెట్టెలు కట్టించడం మొదలుపెట్టాడు. పుస్తకాలన్నీ కొన్నవి కావు, కమిటీకి చూపించడానికి తెప్పించినవి. వచ్చే వారం ఇంకో కాలేజీలో కమిటీ ఉంది, అక్కడికి పోవాలి. ఈ విషయం లైబ్రరీలో అందరికీ తెలుసు. చీపురు జీతం మనిషికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

లెక్కలో ఒకటి తగ్గింది. "యాడ పెట్టినావమ్మా?" అన్నాడు గోవిందప్ప.

"జ్యోతికి ఇచ్చినా సార్. నిన్న ఆ పాపే కదా సార్ చూపించింది!"

"చూపించింది, అయిపోయింది. పోయి తీసుకురా. తేకపోతే రేపట్నుంచి నువ్వూ రావద్దు."

ఆ తర్వాతది ఆమె చెబితే విన్నాను. మధ్యాహ్నం ఎండలో శింగనమల బస్సు దిగి నడుచుకుంటూ పోయింది. కమిటీ పోయిందని ఆ రోజు పిల్లలకు సెలవిచ్చారు, జ్యోతి గడపలో కూర్చుని చదువుకుంటోంది. పుస్తకానికి అప్పుడే క్యాలెండరు అట్ట వేసింది, సువార్తక్క వేసినట్టే. తల్లి కదిరమ్మ మజ్జిగ ఇచ్చింది. సువార్తక్క ఆ గ్లాసు పక్కన పెట్టేసింది.

"పుస్తకం ఇయ్యి పాపా. అది మనది కాదంట."

"ఆ మేడమ్ ముందర మనదే అన్నారు కదక్కా?"

జ్యోతి పుస్తకాన్ని ఒళ్ళో దాచుకుంది. "నేను అబద్ధం చెప్పినట్టయింది కదక్కా? నాతో అబద్ధం చెప్పించినారా?"

"నాకూ తెల్దు పాపా. ఏసుప్రభువు మీద ఒట్టు, నాకూ తెల్దు."

లోపలి నుంచి కదిరమ్మ అంది: "ఇచ్చేయ్ పాపా. అక్క నౌకరీ పోతాది." జ్యోతి అట్ట తీసి, మడతలు సరిచేసి, పుస్తకం ఇచ్చింది. అట్ట ఉంచేసుకుంది.

మార్కండేయ దాన్ని తెరిచి, ముద్ర చూసి నుదురు కొట్టుకున్నాడు. "ఏమప్పా గోవిందప్పా, ముద్ర కొట్టినారే!" అని జేబులోంచి బ్లేడు తీసి, ముద్ర పడిన పేజీని కోసి చెత్తబుట్టలో వేశాడు. "చూసేవాళ్ళు తెరిచి చూస్తారా యేమి?" అంటూ పుస్తకం పెట్టెలో పడేశాడు. సువార్తక్క ఆ పేజీ తీసుకుని మడిచి రవికలో పెట్టుకుంది. ఎందుకు తీసుకున్నావక్కా అని అడిగితే, "ఆ ముద్రే కదా సార్ నాది" అంది.

పరీక్షల్లో జ్యోతికి ఆ ఒక్క పేపరు పోయింది. మళ్ళీ రాస్తానంటోంది, చదవడానికి మాత్రం ఏమీ లేదు. ఇప్పుడు ధర్మవరంలో చీరల అంగట్లో పని చేస్తోంది. లైబ్రరీ వైపు రావడం లేదు. యూనివర్సిటీకి మాత్రం మంచి గ్రేడు వచ్చింది. గేటు దగ్గర ఇంటి ఎత్తు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద పెద్దలందరి తలకాయలు, మధ్యలో పుస్తకం పైకెత్తి నవ్వుతున్న జ్యోతి. "ప్రతి విద్యార్థి చేతిలో పుస్తకం" అని కింద రాశారు. దాని కింద నుంచి నేను రోజూ పోతాను, రోజూ ఒళ్ళు మండుతుంది, మళ్ళీ సాయంత్రం అదే గేటు నుంచి ఇంటికి వస్తాను.

మొన్న కొత్త బ్యాచి చేరింది. నేను కౌంటరు దగ్గర ఉన్నప్పుడే ఒక పిల్ల, మోచేతికి సంచి తగిలించుకుని, నేరుగా సువార్తక్క దగ్గరికి వచ్చింది.

"అక్కా, మాది జియాలజీ. గేటు కాడ ఫ్లెక్సీలో ఆ అక్క పట్టుకుందే, ఆ పుస్తకం ఇస్తారా? సాయంత్రం ఇంటికి కూడా ఇస్తారంట కదా?"

సువార్తక్క తలెత్తి చూసింది. ఈసారి మాట ఇవ్వలేదు.

"అది ఆ ఫ్లెక్సీలోనే ఉండాది పాపా. ఈడ లేదు."

ఆ పిల్ల నమ్మలేదు. అక్కే ఎవరికోసమో దాచిపెట్టుకుందని స్నేహితురాలితో గొణుక్కుంటూ పోయింది. సువార్తక్క విననట్టు తల వంచుకుని, చిరిగిన పాత పుస్తకానికి క్యాలెండరు కాగితం అట్ట వేస్తూ కూర్చుంది.