రైసుమిల్లు కార్డులతో శంకర్ నగర్ పోటీకి

ఒక్క కార్డు మూడు వేలని చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. రాయ్‌పూర్‌లో ట్రేడింగ్ కార్డుల ఆట ఆడేవాళ్ళ గ్రూపులో ఎవరో దాని ఫోటో పెట్టి, ఇది లేనివాడు పోటీకి రానక్కర్లేదని రాశాడు. ఆటలో కూడా డబ్బున్నవాడిదే పైచేయి అయితే ఇంక సమానత్వం ఎక్కడ ఏడ్చింది? కరపత్రాలు చదివి నేను సంపాదించిన జ్ఞానమంతా ఆ పూట లేచి కూచుంది. నిబంధనలు తిరగేశాను. శంకర్ నగర్‌లో నెలకో ఆదివారం జరిగే పోటీలో ఇంట్లో చేసుకున్న కార్డులు కూడా చెల్లుతాయి. అసలు కార్డు బలాలు ఉన్నవి ఉన్నట్టు రాయాలి, బొమ్మ మాత్రం మనిష్టం. కార్డులు సరిగ్గా అరవై ఉండాలి, ఒకటి తగ్గినా ఓడినట్టే.

డ్రాగన్ల బదులు మా ఊరు తిల్దాలోని రైసుమిల్లు గీశాను. హమాలీ, కాటా, ఊక కుప్ప, అన్నిటికంటే బలమైనది బాయిలర్. అట్ట కొనలేదు. మా ఊళ్ళో ఒక ప్రెస్ వెనక అచ్చు తప్పు పడి పారేసిన దినకర్మ కార్డులు కలగాపులగంగా పడుంటే, వెనకవైపు ఖాళీగా, మందంగా ఉన్నాయని ఏరుకొచ్చి కోశాను. అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపేసింది. "చావు కార్డు చదివిన వెంటనే చింపేస్తారురా. ఇంట్లోకి తేరు." "కాగితానికి చావేమిటమ్మా," అని పక్కనుంచి దూరి లోపలికొచ్చాను. ఇది మూడు నెలల కిందటి మాట.

తిల్దాలో ఎనిమిదిన్నర లోకల్ ఎక్కితే పది రూపాయల టికెట్‌తో గంటలోపే రాయ్‌పూర్‌లో దిగొచ్చు. ఆదివారం సీటు దొరుకుతుంది. స్టేషన్ బయట షేర్ ఆటోలో శంకర్ నగర్‌కి ఇరవై తీసుకున్నాడు. నా చేతిలో పెట్టె చూసి డ్రైవర్ హిందీలో అడిగాడు, "పేకాటకా భయ్యా? పట్టపగలే?" పేక కాదు, ఇది వేరే ఆట అన్నాను. "అందరూ అదే అంటారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోకి డబ్బులు మిగుల్చుకో," అన్నాడు.

పోటీ మొదటి అంతస్తులో, షట్టర్ దించిన చెప్పుల దుకాణం పైన. ప్రవేశానికి నూట యాభై. కార్డుల మీద వెలుగు పడి మెరవకుండా కిటికీలకు నల్ల కాగితం అంటించారు. పద్నాలుగు మందిమి ఉన్నా మాటల్లేవు, వెనకవైపు నల్లగా ఉండే ప్లాస్టిక్ తొడుగులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు తప్ప. నా కార్డులు చూసి ఒకరిద్దరు నవ్వారు. మొదటి ఆట మొదటి చేతిలోనే బాయిలర్ వచ్చింది. గెలిచాను. రెండో ఆటలో మళ్ళీ వచ్చింది. మూడో ఆటకి ముందు ఎదుటివాడి చేతే కలిపించాను. పంచుకుని తిప్పితే మొదటి కార్డు బాయిలరే. గెలిచినందుకు సంతోషం వేయలేదు.

ఫైనల్లో నా ఎదుట కూచున్నాయన పేరు శ్రీను, ముప్పై ఏళ్ళుంటాయి, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ఆఫీసులో పని. నా తెలుగు గొణుగుడు విని, "మనోడివేనా తమ్ముడూ? ఏ ఊరు?" అన్నాడు. తిల్దా అని చెప్పాను. "మా నాన్న అక్కడే గేట్‌మ్యాన్‌గా చేసేవాడు. ఈ మధ్యే పోయాడు." చెరో ఆట గెలిచాం. ఆఖరి ఆట మొదటి చేతిలో బాయిలర్ వచ్చింది. దాన్ని దింపితే ఎదుటివాడి కార్డొకటి శ్మశానానికి పోతుంది. ఆటలో చచ్చిన కార్డుల కుప్పని అలాగే అంటారు. బాయిలర్ని చివరిదాకా దాచుకుని, గెలవడానికి ఇంకొక్క ఎత్తు చాలనగా పైకి తీసి చూపించాను.

"ఇదేంటి తమ్ముడూ, ప్రతిసారీ అదేనా? గుర్తేమైనా పెట్టావా?"

"దొంగని కాదన్నా," గట్టిగానే అన్నాను. "తీసి చూసుకోండి."

పోటీ నడిపే దీదీ వచ్చి బాయిలర్ని తొడుగులోంచి లాగి వెనక్కి తిప్పింది. హిందీ అచ్చు. ఆమె చదవబోయి ఆగి, కార్డుని శ్రీను అన్న ముందు పెట్టింది. స్వర్గీయ అన్న మాట పక్కన ఉన్నది ఆయన పేరు. శోకంలో ఉన్నవారు అన్నచోట ఆయన తండ్రి పేరు.

"ప్రెస్‌వాడు తారుమారు చేశాడు," అన్నాడు శ్రీను అన్న మెల్లగా. "మళ్ళీ వేయించాం. ఇవన్నీ చింపి తగలబెట్టానన్నాడు." తన బొటనవేలు చూసుకున్నాడు. "మూడు నెలలుగా ఆఫీసు మెషీన్‌లో నా వేలు పడటం లేదు. రికార్డు లేదంటుంది. రోజూ రిజిస్టర్లో సంతకం పెడుతున్నాను."

"ఇనప దుమ్ముకి గీతలు అరిగిపోతాయన్నా. అందరికీ అంతే."

"నేను ఏసీ గదిలో కూచుంటాను తమ్ముడూ."

దీదీ గడియారం చూసింది. కార్డు పక్కన పెడితే యాభై తొమ్మిది, నేను ఓడినట్టే. శ్రీను అన్న, "ఆడేయ్. గెలిచాకే చింపుదువు. నేనేమీ అనుకోను," అన్నాడు. కానీ ఆ కార్డుని తను ముట్టుకోలేదు. మూఢనమ్మకాల మీద నేను చదివిన ప్రతి వాక్యం గుర్తొచ్చింది, ఒక్కటీ తప్పు కాదు. బాయిలర్ని బల్ల మీదికి దించబోయాను. ఆయన పేరు నా బొటనవేలి కింద ఉంది. అవతల ఆయన ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. దించలేదు. నిలువునా చింపాను, మళ్ళీ అడ్డంగా.

దీదీ స్కోరు కాగితం మీద ఆయన గెలిచినట్టు పేరు పక్కన గీత గీసింది. శ్రీను అన్న నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయన చెయ్యి వెచ్చగానే ఉంది.

నాలుగున్నర లోకల్లో, ఎదుటి సీటు ఖాళీ అయ్యాక, మిగిలిన యాభై తొమ్మిదీ తొడుగుల్లోంచి తీశాను. మూడు నెలలు గీసినా ఒక్కదాని వెనకవైపు నేను చదవలేదు. పనివాళ్ళ కోసం ఆడుతున్నాననుకున్నవాణ్ణి, వాళ్ళ బొమ్మలు ఎవరి పేర్ల మీద గీశానో చూడలేదు. వీళ్ళలో నిజంగా పోయినవాళ్ళెవరో, తప్పు పడినవాళ్ళెవరో చెప్పే గుర్తేమీ లేదు. నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. అయినా ఒక్కో పేరూ పైకి చదివి చింపాను. తిల్దా వచ్చేసరికి ఇంకా పదకొండు మిగిలాయి. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూచుని అవీ పూర్తిచేశాకే ఇంటికి నడిచాను.

ఇంట్లో కార్డులు చేసుకుని వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. స్టేషనరీ దుకాణంలో రెండువైపులా ఖాళీగా ఉన్న డ్రాయింగ్ అట్ట కొనండి, ఒక పెద్ద షీటుకి ఇరవై ముప్పై కార్డులు వస్తాయి. అదీ కుదరక ఏదైనా ఏరుకొస్తే, కత్తెర పెట్టకముందే వెనక్కి తిప్పి చదవండి.