ఆగమని అరిచినందుకు

మా ఇంట్లో అనుమానం అవలక్షణం కాదు, అన్నం పెట్టే విద్య. బాపు భూమి లోపల పనిచేసేవాడు. గనిలో ఎక్కడ కూర్చోవాలన్నా ముందు చేతికర్రతో పైకప్పును తట్టి చప్పుడు వినేవాడు. గట్టిగా పలికితే కూర్చునేవాడు, బోలుగా పలికితే అక్కడి నుంచి లేచిపోయేవాడు. షిఫ్టు దిగి ఇంటికొచ్చినా ఆ గుణం పోయేది కాదు. కొత్త కుర్చీ కొంటే నాలుగు కాళ్లూ తట్టి చూసేవాడు. ఇంటికి కొత్తగా ఎవరైనా వస్తే వాళ్లనూ రెండు మాటలతో తట్టి చూసేవాడు. నేను అచ్చంగా ఆయన కూతురిని. పాలు పోసే మనిషి నవ్వుతూ పలకరిస్తే ఇవాళ నీళ్లు ఎక్కువ పడ్డాయని లెక్కగట్టే పిల్లని.

అలాంటి నా చేతిలో ఒక పటం పెట్టి, దీన్ని నమ్ముకుని పరుగెత్తు అన్నారు.

అప్పుడు గోదావరిఖనిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ప్రత్యేక రాష్ట్రం కోసం రోజూ ఏదో ఒక చోట బంద్ జరుగుతున్న కాలం. సైన్యంలో పనిచేసి వచ్చి, ఇక్కడ సెక్యూరిటీ ఉద్యోగంలో చేరిన ఒక సార్ ఆదివారాలు మాకు ఓరియంటీరింగ్ నేర్పేవాడు. చేతిలో పటం, దిక్సూచి ఉంటాయి. అడవిలో అక్కడక్కడా చిన్న జెండాలు కట్టి ఉంటాయి. వాటిని వరసగా వెతుక్కుంటూ పోవాలి, ప్రతి జెండా దగ్గర వేలాడే పంచ్‌తో కార్డు మీద గుర్తు వేసుకోవాలి, అందరికంటే తక్కువ సమయంలో చివరి గీత దాటాలి. ఒక్కొక్కరినీ కొన్ని నిమిషాల తేడాతో వదులుతారు. దారి ఎవరినీ అడగకూడదు, ఎవరికీ చెప్పకూడదు, అసలు మాట్లాడకూడదు. ఆ చివరి నియమం విని ఇది నా కోసమే పుట్టిన ఆట అనుకున్నాను.

అమ్మకు మాత్రం మొదటి రోజే పడలేదు. "బాల్ లేదు, బ్యాట్ లేదు, చూసెటోళ్లు లేరు. పొదలల్ల పడి ఉరుకుడు గదేం ఆటనే? నువ్వు నిజం చెప్తున్నవా?" అంది. పోలీసులకూ పడలేదు. ఒకసారి మమ్మల్ని దారిలో ఆపి, "చేతిల పటాలేంది, చెట్లకు జెండాలేంది, ఎవరి మనుషులు మీరు?" అని కానిస్టేబుల్ గద్దించాడు. ఆ రోజుల్లో, మా ప్రాంతంలో, అడగాల్సిన ప్రశ్నే. సార్ తన పాత మిలిటరీ కార్డు చూపించి నచ్చజెప్పాడు. అయినా కానిస్టేబుల్ నా దిక్సూచిని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాకే తిరిగిచ్చాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన చోట నేనున్నా అదే చేసేదాన్ని.

నాకు డ్రిల్లు మేడం కావాలని ఉండేది. మార్కులు అంతంతమాత్రం. జాతీయ పోటీలు ఆడిన సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ విద్య కాలేజీలో స్పోర్ట్స్ కోటా కింద సీటు వస్తుందని సార్ చెప్పాడు. జాతీయ పోటీలకు పోవాలంటే ముందు రాష్ట్ర జట్టులో ఉండాలి. ఆ సంవత్సరం అమ్మాయిల జట్టులో మా జిల్లాకు ఒక్క చోటే ఉంది. దానికోసం పరుగెత్తేది ఇద్దరమే. నేను, మంథని పిల్ల.

మంథని పిల్ల బడిపంతులు కూతురు. హాస్టల్లో ఉండి మా కాలేజీలోనే చదివేది. ఎవరేం చెప్పినా కళ్లు పెద్దవి చేసి "అవునా!" అనేది. జామకాయలమ్మే అవ్వ "తియ్యగున్నయ్ బిడ్డా" అంటే రుచి చూడకుండా కొనుక్కునేది. అవి పచ్చివైతే ఉప్పు అద్దుకుని తినేది తప్ప అవ్వను ఒక్క మాట అనేది కాదు. ఇంత అమాయకంగా ఉండటం ఎవరి వల్లా కాదని, ఇందులో ఏదో ఉందని నాకు గట్టి నమ్మకం.

మా ప్రాక్టీసంతా నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్ కాస్ట్ గని పక్కన పోసిన మట్టి గుట్టల మీద. పాత గుట్టల మీద చెట్లు పెరిగి నిజం అడవిలాగే ఉండేది. కొత్త గుట్టల దగ్గరే తంటా. సార్ చేత్తో గీసిన పటంలో బాట ఉంటుంది, అక్కడికి పోతే నిన్ననే లారీలు పోసిన మట్టి కొండ ఎదురుగా నిలబడి ఉంటుంది. వారం కింద ఉన్న వాగు ఈ వారం ఉండదు. అందుకని నేను పది అడుగులకోసారి ఆగి, పటాన్నీ నేలనూ ఎదురెదురుగా నిలబెట్టి విచారణ చేసేదాన్ని. కొత్త గుట్టల మీద నన్ను మించినవాళ్లు లేరు. పాత గుట్టల మీద మాత్రం మంథని పిల్ల నన్ను ఎప్పుడూ దాటిపోయేది. ఆమె ఆగేది కాదు మరి.

ఆగకుండా ఎలా పరుగెత్తుతుంది? సార్ పటాన్ని ముందురోజే చూపిస్తున్నాడా? ఒక శనివారం హాస్టల్ నుంచి ఆమె వెంటే నడిచాను. గుడికి పోయింది, పల్లీలు కొనుక్కుంది, హాస్టల్‌కు తిరిగొచ్చింది. ఇంకోసారి మంచినీళ్ల వంకతో సార్ ఇంటికి పోయి గోడలూ బల్లలూ కళ్లతో గాలించాను. ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడం కూడా నాకు అనుమానంగానే ఉండేది. చివరికి ఉండబట్టలేక ఆమెనే అడిగేశాను.

"నడ్మ ఆగకుంట గట్ల ఎట్ల ఉరుకుతవే?"

"పటంల ఉన్నది కదా."

"పటం తప్పైతే?"

"తప్పైతే గప్పుడు ఆగుత," అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది.

మా కాలనీ వెనక పాత గని ఉంది. కింద బొగ్గు తీశాక ఆ ఖాళీలో ఇసుక నింపినా, ఏళ్లు గడిచేకొద్దీ పైన నేల అక్కడక్కడా కుంగుతుంది. మూకుడులాగా లోతుగా దిగి, అంచుల వెంబడి పొడుగాటి పగుళ్లు వస్తాయి. చిన్నప్పుడు పక్కింటివాళ్ల బర్రె అలాంటి పగులులో కూరుకుపోతే బస్తీ అంతా తాళ్లు పట్టుకుని లాగింది. బయటికైతే వచ్చింది కానీ మళ్లీ నిలబడలేదు. దాని కళ్లు నాకు ఇప్పటికీ గుర్తే. పగులు కనిపిస్తే అడుగు వెనక్కి వేయాలని మాకు నడక వచ్చినప్పటి నుంచీ నేర్పేవారు. మంథని వైపు పొలాలు, గోదావరి ఒడ్డు తప్ప ఇవేవీ ఉండవు. అందుకే ఒకరోజు ప్రాక్టీసులో ఆమెను కంచె దాకా తీసుకెళ్లి కుంగిన నేలను చూపించాను. బర్రె సంగతీ చెప్పాను. "అవునా!" అంది. ఆ ఒక్కసారి ఆమె నమ్మినందుకు నాకు సంతోషమేసింది.

జట్టు ఎంపిక బంద్‌ల వల్ల వాయిదా మీద వాయిదా పడి, చివరికి హైదరాబాదు అవతల ఒక ఎర్రమట్టి అడవిలో పెట్టారు. సార్ మా ఇద్దరినీ రైలెక్కించి తీసుకెళ్లాడు. మొదట నన్ను వదిలారు. కాసేపయ్యాక ఆమెను వదులుతారని తెలుసు.

ఆ పటం నన్ను సగం చంపింది. అందులో రాయి ఉన్న చోట రాయి ఉంది, వాగు ఉన్న చోట వాగు ఉంది. ఎక్కడా ఒక్క అబద్ధం లేదు. అంత నిజాయితీ నాకు అలవాటు లేక అడుగడుగునా ఆగాను. ఎక్కడో ఒకచోట మోసం ఉంటుంది, అది ఎక్కడో పట్టుకోవాలి అన్నట్టే ఉంది నా తీరు. జెండాలన్నీ దొరికాయి. ఇంక రెండే మిగిలాయనగా ఒక చిన్న మిట్ట ఎక్కి చూస్తే, ఎదురుగా మూకుడులాంటి గుంత. అంచుల వెంబడి పొడుగ్గా పగుళ్లు. ఒక పక్క విరిగిన కంచె రాళ్లు. నా కాళ్లు వాటంతటవే నిలిచిపోయాయి.

వెనక చప్పుడైంది. మంథని పిల్ల. వెనక మొదలుపెట్టి నన్ను అందుకుందంటే చోటు ఆమెదే. ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. పటంలో దారి గుంత మీదుగానే ఉంది, ఆమె గుంతలోకే దిగబోతోంది.

"ఆగే! దిగకు! కుంగిన నేల!"

అది నా గొంతు అని నాకే తెలియలేదు. ఆమె ఉన్నపళాన ఆగింది. ఎందుకు అని అడగలేదు. వెనక్కి అడుగు వేసి, ఎడమ అంచు వెంబడి చుట్టూ తిరిగిపోయింది. నేను కుడి అంచు పట్టుకుని పరుగెత్తాను.

ఎడమవైపు అంతా ముళ్లపొదలు. ఆమె వాటిలో ఇరుక్కుని, బయటపడేసరికి దిక్కు తప్పి, తర్వాతి జెండా కోసం చాలాసేపు వెతుక్కుంది. కుడివైపు ఎవరో నడిచిన బాట ఉంది. నేను చివరి గీత దాటి, నీళ్లు తాగి, బూట్లు విప్పుకుని కూర్చున్నాక గానీ ఆమె రాలేదు. బోర్డు మీద నా పేరు ఆమె పేరుకు పైన పడింది. సార్ నా భుజం తట్టాడు. డ్రిల్లు మేడం అయిపోయాననే అనుకున్నాను.

ఆమె చేతుల నిండా గీతలతో వచ్చి, అక్కడున్న స్థానికుడొకాయనను "ఆ గుంత కుంగుతదా?" అని అడగడం విన్నాను. ఆయన నవ్వాడు. అది వాననీళ్ల కోసం తవ్విన గుంత అన్నాడు. కింద అంతా బండేనట, ఆ పగుళ్లు ఎండకు మట్టి విచ్చినవేనట, పోటీకి వచ్చిన పిల్లలందరూ దాని మీదుగానే వచ్చారట. ఆమె నా దగ్గరకొచ్చి నిలబడింది.

"కావాల్నని అరిసినవా?"

నేను నోరు తెరిచేలోపే ఆ మాట పక్కనున్న పెద్దాయన చెవిన పడింది. పోటీ పెట్టింది ఆయనే. మా ఇద్దరినీ, సార్‌నూ బల్ల దగ్గరికి పిలిచాడు. పరుగులో మాట్లాడితే ఆ పరుగు చెల్లదని ఆయన మెల్లగానే చెప్పాడు. ఆ అరుపు విన్నవాళ్లు ఇంకెవరూ లేరు. నేను అరవలేదంటే ఆమె చెప్పింది తప్పు. అరిచానంటే చోటు ఆమెది.

"చెప్పమ్మా, అరిచావా?"

లేదు అనడానికి నాలుక సిద్ధంగా ఉంది. ఆ చోటు నాకు ఎంత కావాలో నాకు తెలుసు. మంథని పిల్ల పెదాలు బిగించుకుని నన్నే చూస్తోంది. నేను లేదంటానని ఆమెకు ఎంత గట్టిగా తెలుసో ఆ ముఖం చూస్తే నాకు అర్థమైంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నేను లేదంటే, ఆమె ప్రాణం కోసం భయపడి వేసిన ఆ కేక దొంగకేక అయిపోతుంది. అది నా నోటితోనే అయిపోతుంది.

"అరిసిన," అన్నాను.

"ఎందుకు?"

"నేల కుంగిందనుకున్న సార్. మా దిక్కు గట్లనే ఉంటది."

"ఇక్కడ గని ఎక్కడిదమ్మా?" అని ఎవరో నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. బోర్డు మీద నా పేరు కొట్టేశాడు.

అందరూ చెదిరాక సార్ నన్ను పక్కకు పిలిచాడు. "నిజం చెప్పు బిడ్డా. భయపడే అరిసినవా, లేకుంటె..." అని ఆగాడు. ఆ "లేకుంటె" దగ్గర నాకు తల కొట్టేసినట్టయింది. భయపడే అరిచానని చెప్పాను. ఆయన తలూపాడు. ఆ తలూపడంలో నమ్మకం ఎంతుందో, అన్నీ కొలిచే నేను కొలవలేకపోయాను.

తిరుగు రైల్లో మా ఇద్దరివీ పక్కపక్క సీట్లే. ఎండ కిటికీలోంచి మా ఒళ్లో పడుతోంది. ఆమె చేతుల్లో విరిగిన ముళ్లను ఒక్కొక్కటే గిల్లి తీసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"అరువలేదని చెప్తే టీంల జాగ నీదే అయ్యేటిది. ఎందుకు ఒప్పుకున్నవ్?"

"అరిసిన కాబట్టి."

"గది కాదు. ఇందుల ఇంకేమున్నదో చెప్పు."

ఆమె నా ముఖాన్ని ముక్క ముక్కగా వెతుకుతోంది. ఇన్నాళ్లూ నేను ఆమెను చూసిన చూపు అది. అది ఆమె ముఖం మీద ఏమీ బాగాలేదు.

"నువ్వు అరిసినప్పుడు నేను ఎందుకు ఆగిన్నో తెల్సా? పటం కంటె నువ్వే ఎక్కువనుకున్న," అంది. గొంతులో కోపం లేదు. "మల్ల గసొంటి జాగ కనవడితె అరుస్తవా?"

"అరుస్త."

"నేను ఆగ."

"ఆ అడివిలంటె సరే. ఖనిల మాత్రం ఆగాలె. అక్కడ కింద నిజంగనే బోలుంటది. దండం పెడ్త, నేను అరిస్తె ఆగు," అన్నాను.

"గిదన్న నిజమని నాకెట్ల తెల్వాలె?"

ఎకసెక్కం కాదు. తెలుసుకోవాలనే అడిగింది. నేను చెప్పగలిగినవన్నీ, కంచె దగ్గర చూపించిన నేలా బర్రె సంగతీ కూడా, ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. వాటిలో ఆమె నమ్మడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. జట్టులో చోటు పోయినప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. చున్నీ అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

ఆమె కాస్త ముందుకు వంగి, నేను నిజంగా ఏడుస్తున్నానో లేదో చూసింది.