ఉత్తి ఫ్లాష్

నా చిన్నప్పుడు సత్తెనపల్లిలో మంచు కురిసిన చోటు ఒక్కటే, అది మా మామయ్య ఫోటో స్టూడియో. ఎరువుల దుకాణం మేడ మీద ఒక గది. గోడకు కట్టిన తెర మీద మంచుకొండ, కొండ కింద చెరువు, చెరువులో హంస. బొమ్మ వేసినవాడు హంసను ఎన్నడూ చూసిన పాపాన పోలేదు కాబట్టి అది బొద్దుగా కోడిపెట్టలా వచ్చింది. కింది నుంచి పురుగుమందుల వాసన, వీధిలోంచి మిరప ఘాటు. ఆ రెండిటి మధ్య మావాళ్ళు మంచుకొండ ముందు నిలబడి, చెమటలు కారుతుండగా నవ్వేవాళ్ళు. సన్నవాళ్ళకూ లావువాళ్ళకూ పట్టేలా వీపు వైపు చీల్చిన నల్లకోటు ఒకటి మేకుకు వేలాడుతుండేది. చుట్టుపక్కల ఊళ్ళలో సగంమంది పెళ్ళికొడుకులు ఆడపిల్లవాళ్ళకు పంపిన ఫోటోల్లో ఉన్నది ఆ కోటే. ముందునుంచి చూస్తే అందరూ దొరలే. వెనక్కి తిరగకుండా ఉంటే చాలు.

ఆ స్టూడియో లేవడంలో మా అమ్మ చెయ్యి ఉంది. మామయ్య అమ్మకు తమ్ముడు, మా ఇంట్లోనే తిని మా ఇంట్లోనే పడుకునేవాడు. పొలం పని వదిలేసి బొమ్మలు తీసుకుని బతుకుతానంటే బంధువులంతా నవ్వారు. అమ్మ ఒక్కతే నవ్వలేదు. ఫోటోలు కడిగే చీకటిగదికి రెండు పొరల నల్లగుడ్డతో తెర కుట్టి ఇచ్చింది. పగలంతా మిరప కల్లంలో తొడిమలు తీసిన వేళ్ళతోనే కుట్టింది. కుట్టాక తను లోపల నిలబడి, నన్ను బయటినుంచి టార్చిలైటు కొట్టమంది. ఎక్కడ వెలుగు చుక్క కనిపిస్తే అక్కడ సూది గుచ్చి మూసేసింది. వెలుగు దూరితే తమ్ముడి ఫోటోలు పాడైపోతాయని ఆమె భయం.

స్టూడియో తెరిచిన రోజు మొదటి ఫోటో అమ్మదే కావాలని అందరూ పట్టుబట్టారు. అమ్మ పెళ్ళినాటి చీర కట్టుకొచ్చి ముక్కాలి పీట మీద కూర్చుంది. ఎర్రగా మండిన వేళ్ళు ఎవరికీ కనపడకుండా పమిట కింద దాచుకుంది. కదిలితే ఫోటో చెడిపోతుందని ఎవరు చెప్పారో, ఊపిరి బిగబట్టేసింది. ఫ్లాష్ వెలిగింది. అమ్మ మాత్రం అలాగే కూర్చుండిపోయింది. పెదవులు కదపకుండా అడిగింది.

“అయిపోయిందిరా? ఊపిరి తీసుకోవచ్చా?”

“తీసుకో అక్కా. లేకపోతే రెండో ఫోటో దండేసి తియ్యాల్సొస్తుంది.”

గదిలో వాళ్ళంతా పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా అమ్మే నవ్వింది. నవ్వితే ఆమె కుడి కనుబొమ్మ ఒక్కటే పైకి లేచేది, ఎడమది దానికేమీ పట్టనట్టు ఊరుకునేది.

మామయ్య దగ్గర ఒక కిటుకు ఉండేది. పెళ్ళిళ్ళలో పిల్లలూ ముసలమ్మలూ చుట్టూ మూగి నన్ను తియ్యి, నన్ను తియ్యి అని ప్రాణాలు తోడేసేవాళ్ళు. ఫిల్ము రోల్లో ఉండేవి కాసిని ఫోటోలు. అందరికీ తీస్తే తాళి కట్టేవేళకు రోలు అయిపోతుంది. కాదంటే అలుగుతారు. అందుకని కెమెరా నొక్కకుండా పైనున్న ఫ్లాష్ మీటను మాత్రమే నొక్కేవాడు. మెరుపు మెరిసేది, ముసలమ్మ మురిసేది, రోలు మిగిలేది. దాన్ని ఉత్తి ఫ్లాష్ అనేవాడు. స్టూడియో తెరిచిన కొన్నాళ్ళకు ఆ గుట్టు నా ఒక్కదానికే చెప్పాడు. నిజం ఫోటో అయితే మెరుపుతోపాటు ‘టక్’మంటుంది, ఉత్తిదైతే అనదు. బడి వదలగానే స్టూడియోకి పరిగెత్తి, టక్‌మందా లేదా అని చెవి రిక్కించి, ఉత్తిదైతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. నాకు బళ్ళో చెప్పిన పాఠాలకంటే అదే బాగా పట్టుబడింది.

అమ్మ తన ఫోటో గురించి అప్పుడప్పుడూ అడిగేది. మొదటి ఫోటో కదా, బాగా రావాలని గుంటూరు ల్యాబ్‌కి పంపానక్కా, ఇంకా రాలేదు అనేవాడు. కొన్నాళ్ళకు, సరిగ్గా రాలేదట, మళ్ళీ కడుగుతున్నారు అన్నాడు. అమ్మ నమ్మింది. పైగా, ఎండకు మాడిన మొహం కదా, కడిగితే తెల్లబడుతుందా అని తన మీద తనే జోకు వేసుకుంది. నాకు వచ్చిన ఈ నోటి దురద ఆమె ఆస్తే.

ఆ ఎండాకాలం మిరపకాయలు బస్తాలకెత్తే పనిలో అమ్మకు వడదెబ్బ తగిలింది. కల్లంలోనే ఎర్రటి కుప్ప పక్కన కూలిపోయింది. మంచం మీద వేసి ఊళ్ళోకి తెచ్చేలోపే అయిపోయింది.

పెద్దకర్మకు దండ వెయ్యడానికి ఫోటో కావాలి. మా ఇంట్లో అమ్మది ఒక్క ఫోటో కూడా లేదు. పెళ్ళి నాటికి వాళ్ళకు అంత స్తోమత లేదు. నాన్న మామయ్యతో, నువ్వు స్టూడియో తెరిచిన రోజు తీశావు కదయ్యా, దాన్నే పెద్దది చేసి పట్రా అన్నాడు. మామయ్య తల ఊపి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

పెద్దకర్మ రోజున ఫోటో వచ్చింది. నలుపు తెలుపుల్లో పెద్దది, చెక్క ఫ్రేము, అమ్మ పెళ్ళిచీరే. అమ్మమ్మ శుక్లాలు పట్టిన కళ్ళతో దాన్ని తడిమి, నా తల్లే, నా తల్లే అని గుండెలు బాదుకుంది. వచ్చినవాళ్ళంతా, ఉన్నట్టే ఉందమ్మా, పిలిస్తే పలికేట్టుంది అన్నారు. నాన్న చాలాసేపు చూశాడు. దండ వేశాడు. నమ్మి వేశాడో, నమ్మకపోతే ఏం మిగులుతుందని వేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను మాత్రం చెవి దగ్గర ఆగిపోయాను. మా అమ్మ ఎడమ చెవితమ్మె బరువు దుద్దులకు తెగిపోయి రెండు ముక్కలుగా ఉండేది. పాలు తాగే వయసు నుంచీ నేను వేలు పెట్టి ఆడుకున్న చెవి అది. ఫోటోలో చెవి నిండుగా, బంగారంలా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం స్టూడియోకి వెళ్ళి మామయ్యను అదే అడిగాను. టచింగ్‌లో అతికించానని చెబితే నమ్మేసేదాన్నే. నెగెటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు మాయం చెయ్యడం, లేని జుట్టు మొలిపించడం ఆయన చేస్తుంటే చూసినదాన్ని. కానీ ఆయన అబద్ధం చెప్పలేదు. తలుపు దగ్గరికి వేసి, నా ముందు నేల మీద కూర్చున్నాడు.

“అది మీ పిన్ని. అక్కచెల్లెళ్ళ పోలిక ఉంది కదాని అమ్మ చీర కట్టించి తీశాను. మీ అమ్మ ఫోటో లేదు తల్లీ. ఆ రోజు నేను కొట్టింది ఉత్తి ఫ్లాష్.”

రోల్లో ఉన్న కాసినీ బేరాలకు దాచుకున్నాడట. అక్క ఎక్కడికి పోతుంది, ఇంటి మనిషే కదా, తీరిగ్గా తీద్దాంలే అనుకున్నాడట. ఆ తీరిక రాలేదు. చెప్తూ చెప్తూ, దండ గురించి తను వేసిన జోకు గుర్తొచ్చిందేమో, ఏడుపు పట్టలేక పిడికిలి నోట్లో పెట్టుకుని కొరుక్కున్నాడు. ఆయన్ని నేనే కొరకాలనుకున్నాను, అంత కోపం వచ్చింది. కానీ ఆ పని ఆయనే చేసుకుంటుంటే నాకేం మిగిలింది?

కాసేపటికి లేచి, నన్ను ఎత్తి కెమెరా వెనక నిలబెట్టాడు. ఖాళీ పీట వైపు చూడమన్నాడు. అక్క కూర్చుని ఉంది, ఎలా ఉందో చెప్పు అన్నాడు. నేను చెప్పాను. పమిట కింద దాచిన వేళ్ళు, తెగిన చెవి, ఒంటరిగా పైకి లేచే కనుబొమ్మ, బిగబట్టిన ఊపిరి. చెప్పేకొద్దీ పీట మీద అమ్మ నిండుతూ వచ్చింది.

“ఆ ఫోటోని అందరూ నమ్ముతారు. నమ్మనియ్. నువ్వు మాత్రం నమ్మబాక. నువ్వు కూడా నమ్మావంటే, మీ అమ్మని చూసినవాళ్ళు ఎవరూ మిగలరు.”

తర్వాత నేను బడికి వెళ్ళింది తక్కువ. పొయ్యి నా చేతికొచ్చింది, ఇంకొన్నాళ్ళకు మామయ్య కెమెరా వచ్చింది. రోళ్ళ కాలం పోయి కంప్యూటర్లు వచ్చాయి. మంచుకొండ చిరిగిపోయింది. అమ్మ కుట్టిన నల్లతెర మాత్రం మడతపెట్టి నా దగ్గరే ఉంది. ఒకసారి పిన్నితో, బతికుండగానే దండ వేయించుకున్న మహారాణివి నువ్వే అన్నాను. పిన్ని నవ్వింది. నవ్వుతూనే ఆ ఫోటో వైపు చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను వేసిన జోకుల్లో వెనక్కి తీసుకోవాలనిపించేది అదొక్కటే.

ఏళ్ళు గడిచేకొద్దీ గోడ మీది ఆ ఫోటో మొహం నా అమ్మను కొంచెం కొంచెంగా తినేస్తోంది. ముక్కు పోయింది. గడ్డం ఎలా ఉండేదో ఒట్టేసి చెప్పలేను. చెవి ఉంది, కనుబొమ్మ ఉంది. రోజూ స్టూడియో షట్టరు ఎత్తగానే ముందు ఖాళీ పీట మీద ఆ రెండూ చూసుకుంటాను, ఆ తర్వాతే బేరం.

ఇప్పటికీ పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు కొందరు ఫోటోకి కూర్చోగానే ఊపిరి బిగబడతారు. చేతులు పమిట కింద పెట్టుకుంటారు. నేను వాళ్ళను నవ్విస్తాను, ఆటపట్టిస్తాను. ఇంటివాళ్ళయినా, పొరుగువాళ్ళయినా, తీరిగ్గా తీద్దాంలే అని మాత్రం అనను. టక్‌మన్న చప్పుడు నా చెవిన పడ్డాకే చెబుతాను.

“అయిపోయిందమ్మా. ఊపిరి తీసుకో.”