గుమ్మం ముందు చెంబు

కోల్‌కతాలో జరిగే పెద్ద కామిక్ కన్వెన్షన్‌లో నాకో స్టాల్ దొరికింది. సొంతంగా గీసి అచ్చు వేయించుకున్న పుస్తకాల పెట్టెతో బయల్దేరి, దారిలో ఒడిశాలోని బరంపురంలో దిగాను. నా కథ జరిగేది ఆ దగ్గర్లోని చమఖండి అనే జాలరి పల్లెలో. అక్కడివాళ్ళకు ఒకసారి చూపించాలనిపించింది.

ఇసుకలో చేపలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మ తెలుగులోనే పలకరించింది. సంచిలోంచి పుస్తకం తీసి చివరి పేజీ చూపించాను. సముద్రంలో పోయినవాడు ఒళ్ళంతా నీళ్ళోడుతూ తన ఇంటి గుమ్మం ముందు నిలబడి ఉంటాడు. ఆమె భయపడలేదు. తప్పు పట్టింది.

“సెంబుతో నీళ్ళేవి బాబూ? కాళ్ళు కడుక్కోకండా లోపలికెలాగొత్తాడు? మాకాడ పీనుగ దొరకనోడికి రోజూ పొద్దుగూకితే గుమ్మంలో నీళ్ళెడతాం.”

“ఇది కథే కదా మామ్మా.”

“ఇలాటియి ఎన్ని అమ్ముతావేటి?”

“పెట్టెడున్నాయి.”

“అయితే అన్ని గుమ్మాలకాడా నిలబడతాడు. నీళ్ళెట్టి పంపించు నాయినా.”

నవ్వబోయాను. ఆమె వెనక, ఇంటి గుమ్మంలో ఇత్తడి చెంబు ఉంది. దాని చుట్టూ నేల తడిగా ఉంది.

ఆ సాయంత్రం లాడ్జిలో కూర్చుని పెట్టెలోని ప్రతి పుస్తకంలో పెన్నుతో చెంబు గీశాను. ఆమెకు చూపించిన కాపీ మాత్రం సంచిలోనే ఉండిపోయింది. కన్వెన్షన్‌లో అందరూ తిరగేసి చూడ్డానికని దాన్నే స్టాల్ ముందు పెట్టాను. అందులో చెంబు గీయలేదని గుర్తొచ్చి చూసేసరికి అది బల్ల మీద లేదు.

ఎవరి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడో.