పాట కోసం పోతే

మాది ముప్కాల్ దగ్గర ఊరు. పోయినేడు మా చేన్ల పసుపు తవ్వేటప్పుడు కూలికొచ్చిన ఆడోళ్లు నా ఫోన్‌ల రోజంతా ఒక్కటే పాట పెట్టుమనేది. సినిమా ఇంకా రాలే, పాట ముందే వచ్చింది. అది మోగుతుంటే చేతులు ఆగకపోయేటియి. బొమ్మ సూడకముందే, పాటల హీరో వానల తడుస్తడని ఒకామె, కాదు పడవల పోతడని ఇంకొకామె పంచాది పెట్టుకునేది. "పసుపు ఒడిసినంక అందర్ని నిజామాబాద్ తీస్కపోయి సూపిస్త" అని నోరు జారిన.

అన్నమాట ప్రకారం పన్నెండు మందిని ఆటోలల్ల ఎక్కించుకొని మ్యాట్నీకి పోయిన. హాల్ల మేం తప్ప పదిమంది గుడ లేరు. అప్పుడన్న నాకు సోయి రావాలె. హీరో ఎందుకు ఏడుస్తుండో, ఎవల్ని కొడుతుండో సమజ్ కాలే. "పాట ఇప్పుడొస్తదా బిడ్డా?" అని కూలోళ్లల్ల పెద్దామె లచ్చవ్వ అడుగుడు, "వస్తదవ్వా" అని నేననుడు. ఇంటర్వెల్ అయింది, శుభం పడ్డది, పాట మాత్రం రాలే.

గేటు కాడ ఉన్నాయన్ని నిలదీసిన. "సినిమా పొడుగైందని ఆ పాట కోసేసిండ్రక్కా" అన్నడు. సినిమల ఉన్న ఒక్క మంచి ముచ్చటనే కోసేసిండ్రు.

తిరిగొచ్చేటప్పుడు సిగ్గుతోని నేను తలెత్తలే. ఊరు దగ్గరికొచ్చినంక లచ్చవ్వ "ఆ పాట పెట్టు బిడ్డా" అన్నది. పెట్టిన. మళ్ల వానా, పడవా అని పంచాది షురువైంది.

పసుపు చేన్ల వీళ్లు తీసిన సినిమాలన్నీ మంచిగున్నయి. కోట్లు పెట్టి తీసిందే బాగలేదు.