దినం మార్చి దినం మాత్ర

ప్రొద్దుటూరు నాగలక్ష్మి పందొమ్మిదేళ్లుగా జనాన్ని ప్రశ్నలడిగి బతుకుతోంది. మరుగుదొడ్లు లెక్కబెట్టింది, పంటనష్టం రాసింది, ఓటర్ల జాబితా చంకన పెట్టుకుని జమ్మలమడుగు సందులన్నీ తిరిగింది. ఇంటరు పాసైన గొర్రెల కాపరి కూతురికి ఇంతకంటే గట్టి ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. ఆమె కూడా దానికి ఏడుస్తూ కూర్చోలేదు. పల్లెజనం అమాయకులంటే మాత్రం ఒప్పుకోదు. "అమాయకులైతే సర్వేకి పోయినప్పుడు ఫ్రిజ్ మీద దుప్పటి ఎందుకు కప్పుతారబ్బా?" అంటుంది.

ఈ ఏడు దొరికిన పని కొత్తది. డాక్టరు చెప్పేదీ, మందుల చీటీలో రాసేదీ పెద్దవాళ్లకు ఎంతవరకు అర్థమవుతోందో కొలిచే ప్రశ్నావళి. ఇంగ్లీషులోంచి తెలుగులోకి తెచ్చారు. ఆ తెలుగు పనికొస్తుందో లేదో తేల్చాలంటే అదే మనిషిని అవే ప్రశ్నలు పదిహేను రోజులకు మళ్లీ అడగాలి. రెండుసార్లూ జవాబులు కలిస్తే కొలత నమ్మదగినదని లెక్క. నేర్పకూడదు, సర్దకూడదు, తల కూడా ఊపకూడదు. అప్పజెప్పిన నలభై మందిలో ముప్పైతొమ్మిది మంది అయిపోయారు. జవాబులు అచ్చుగుద్దినట్టు కలిశాయి. పై ఆఫీసరు ప్రశాంతి ఫోన్లో మురిసిపోయింది.

నలభయ్యో మనిషి పులివెందుల దగ్గర చీనీతోటల ఆదినారాయణరెడ్డి. వాకిట్లో నలుగురితో కూర్చుని ఉన్నాడు. టాబ్ చూడగానే మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఏంది పాపా, మళ్లా అవే అడుగుతాండావు? మొన్న అబద్ధం చెప్పినాననుకున్నావా?"

"అట్లగాదు మామా. అందర్నీ రెండు తూర్లు అడగాల."

"కోర్టులో అడుగుతారు రెండు తూర్లు. ఆడనే మాట మార్చలేదు, ఈడ మారుస్తానా?"

పక్కింటి మక్బూల్ నవ్వాడు. "రెడ్డి మాటంటే మాటే. అన్నీ 'శానా సులువు' అని రాసుకో తల్లీ."

రెడ్డి జేబులోంచి మడతకాగితం తీశాడు. మొన్న చెప్పిన జవాబులన్నీ వరసగా రాసి పెట్టుకున్నాడు! అంతకుముందు రెండోసారి అడగబోతే చిలమకూరులో సుంకులమ్మ "మొన్న ఏం చెప్పినానో అదే వేసుకోమ్మా" అన్న మాట నాగలక్ష్మికి గుర్తొచ్చింది. అప్పుడది పట్టించుకోలేదు.

పదకొండో ప్రశ్న వచ్చింది. చీటీలో రాసినట్టు మాత్రలు వేసుకోవడం మీకెంత సులువు?

"శానా సులువు."

గడపలోంచి ఆయన భార్య వెంకటమ్మ అందుకుంది. "సులువే. ఈపొద్దు మాత్ర లేని దినం గదా, అందుకే ఈయప్పకు కళ్లు తిరుగుతాండాయి."

"లేని దినమేంది అత్తా?"

జవాబు రెడ్డి చెప్పాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "చీటీలో ఒకటి, సున్నా, ఒకటి అనుండ్లా? చీనీచెట్లకు నీళ్లిడిసినట్టే. ఒగదినం వాల్వు తిప్పాల, ఒగదినం ఆరబెట్టాల, మళ్లా తిప్పాల."

షుగరు మాత్రలు. ఆర్నెల్లుగా. ఆయన కాలి బొటనవేలికి చుట్టిన గుడ్డ నాగలక్ష్మికి అప్పుడు కనబడింది.

చెబితే ఆఫీసు నియమం పోతుంది, నలుగురిలో రెడ్డి పరువూ పోతుంది. చెప్పకపోతే వేలు పోతుంది. ఆమె "శానా సులువు" నొక్కి, మిగిలిన ప్రశ్నలు ముగించి, టాబ్ మూసింది.

"నా పనైపాయ మామా. తోట చూపిస్తావా?"

వాల్వు దగ్గర, ఎవరూ లేనిచోట చెప్పింది. "ఆ మూడంకెలు మూడు దినాలు కాదు మామా. పొద్దున ఒకటి, మధ్యాన్నం లేదు, రాత్రి ఒకటి. ప్రతిదినం అంతే."

రెడ్డి వాల్వు మీద చెయ్యి వేశాడు. "డాక్టరు చీటీ చేతిలో పెట్టి అర్థమైందా అనె. ఊ అంటి. ఎనక అంతమంది నిలబడుంటే కాలేదని యాడంటాం?"

"రేపే పోయి ఆ కాలు చూపించు. ఇన్నాళ్లు ఎట్ల వేసుకుంటివో దాచకుండా చెప్పు. పోయినవాటికి కలిపి రెండేసి మింగేవు!"

వాకిట్లోకి తిరిగొచ్చాక ఆయన కూర్చోలేదు. "పాపా, ఆ పదకొండోది కొట్టేయ్. శానా కష్టమని రాసుకో."

"ఏంది రెడ్డీ, మాట మారుస్తాండావే!" అన్నాడు మక్బూల్.

"మారుస్తాండా. నువ్వు గూడా పోయి నీ చీటీ తెచ్చుకో."

మూసిన ఫారం తెరుచుకోలేదు. నాగలక్ష్మి ప్రశాంతికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"నేర్పకూడదని చెప్పాను కదక్కా," అంది ప్రశాంతి. మళ్లీ తనే అడిగింది, "మిగతా ముప్పైతొమ్మిది మంది మాత్రలు ఎట్లా వేసుకుంటున్నారో చూశారా?"

"చూడమని ఆ కాగితాల్లో యాడా లేదమ్మా. రేపట్నుంచి మళ్లా పోతా. ఈసారి ప్రశ్నలొద్దు. చీటీ, మాత్రలు తెచ్చి, ఎట్ల మింగుతారో చూపించమంటా."

ఇంతలో మక్బూల్ ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. చీటీలో అదే వరస. ఒకటి, సున్నా, ఒకటి.

"నువ్వెట్ల వేసుకుంటాండావు మామా?"

మక్బూల్ ఓరగా రెడ్డి వైపు చూశాడు.

"రెడ్డి చెప్పినట్టే."